నియమావళిని మార్చే కలం ఎవరి చేతిలో?

ఏ సంస్థలోని ఉద్యోగులైనా తమ సర్వీసు నిబంధనలను గురించి చర్చించేటప్పుడు వాటిలో ఏమి వ్రాసి ఉన్నదనే ప్రశ్నతో ఆరంభించి, సాధారణంగా ఆ ప్రశ్నతోనే ముగిస్తారు. జీతపు స్కేలు ఎంత, పెన్షను ఉన్నదా లేదా, ప్రమోషను ఎన్నేళ్ళకు, బదిలీ ఎంత దూరానికి అన్నవి అవసరమైన ప్రశ్నలే. కాని వీటన్నిటికన్న ముందు అడుగవలసిన ప్రశ్న మరొకటి కలదు. ఈనాడు వ్రాసిన దానిని రేపు కొట్టివేసి తిరిగి వ్రాయగల అధికారం ఎవరిది? ఇంటి తలుపుకు ఎంత గట్టి తాళం వేసినా, తాళపుచెవి పరుల మొలలో ఉన్నంతకాలం ఆ ఇంటికి భద్రత లేదు.

రైల్వే, తపాలా ఉద్యోగులకు ఇది పుస్తక చర్చ కాదు. తపాలా శాఖను ఒక హోల్డింగ్ కంపెనీగా, దాని క్రింద కొన్ని అనుబంధ కంపెనీలుగా మలచాలని 2014లో ప్రభుత్వం నియమించిన టాస్క్‌ఫోర్సు సూచించినది. రైల్వే ఉత్పత్తి కర్మాగారాలను కంపెనీగా మార్చాలని 2015లో వివేక్ దేవ్‌రాయ్ కమిటీ సిఫారసు చేసినది. 2019లో రైల్వే శాఖ నూరు రోజుల ప్రణాళికలో ఆ ఆలోచన మళ్ళీ తల ఎత్తినది. 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాల బోర్డు రద్దయి, 41 కర్మాగారాలు ఏడు కంపెనీల క్రిందకు పోయినవి. అక్కడి మన సోదరులు ఒక్క దినములో శాఖా ఉద్యోగుల స్థానము నుండి కంపెనీలకు డెప్యుటేషనుపై ఉన్నట్లు భావింపబడే ఉద్యోగుల స్థానానికి వచ్చినారు. ఇటువంటి మార్పు జరిగిన ప్రతిచోట బోర్డు మీది పేరుతోపాటు, అంతకంటె ముఖ్యంగా, నిబంధనలను మార్చే కలం కూడా చేతులు మారుతుంది. ఆ కలం ఏ చేతి నుండి ఏ చేతికి పోతున్నదో మన సభ్యులకు స్పష్టంగా తెలియాలని మేము భావిస్తున్నాము.

శాఖా ఉద్యోగి స్థితి

ముందుగా మన స్వంత స్థితిని భ్రమలు లేకుండా చూచుకొందాం. కేంద్ర ప్రభుత్వ శాఖలలో పనిచేసేవారి సర్వీసు నియమాలకు మూలం రాజ్యాంగంలోని 309వ అధికరణం. పార్లమెంటు చట్టం చేసేవరకు రాష్ట్రపతి పేరున నియమాలు చేసే అధికారం ఆ అధికరణం ఇస్తున్నది. 1967లో ఉత్తర రైల్వే ఉద్యోగి ఒకరి కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని దాపరికం లేకుండా చెప్పినది. ప్రభుత్వోద్యోగం ఆరంభంలో ఒప్పందమే అయినా, నియామకం జరిగిన పిమ్మట అది ఒక హోదాగా మారుతుందనీ, ఆ హోదాకు చెందిన హక్కులను నియమాలే నిర్ణయిస్తాయనీ, ఆ నియమాలను ఉద్యోగి సమ్మతి లేకుండానే ప్రభుత్వం మార్చవచ్చుననీ ఆ తీర్పు సారాంశం. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం ఇతర కార్మికులకు సర్వీసు షరతులు మార్చే ముందు 21 రోజుల నోటీసు ఇవ్వాలని 9-ఏ సెక్షనులో విధించినది. అదే సెక్షను, ఫండమెంటల్ రూల్సు, ఇండియన్ రైల్వే ఎస్టాబ్లిష్‌మెంట్ కోడ్ వర్తించేవారిని ఆ రక్షణ నుండి తప్పించినది.

అట్లని ప్రభుత్వం కలానికి హద్దే లేదనుకోవడం కూడా పొరపాటే. రన్నింగ్ సిబ్బంది పోరాటం ఇందుకు సాక్ష్యం. డ్రైవర్లు, గార్డులు మొదలైనవారి పెన్షను లెక్కకు రన్నింగ్ అలవెన్సును 75 శాతం వరకు జీతంలో కలిపే నియమం ఉండేది. 1988 డిసెంబరులో ఆ నియమాన్ని సవరించి, 1973 జనవరి నుండి 1979 మార్చి వరకు 45 శాతమనీ, ఆ తరువాత 55 శాతమనీ వెనుకటి తేదీల నుండి వర్తించేట్లు నోటిఫికేషను వెలువడినది. అనగా, అప్పటికే పదవీ విరమణ చేసి ఇంట కూర్చున్న వృద్ధుని పెన్షనును, అతడు పనిచేసిన కాలంలో లేని నియమం పేరు చెప్పి కోయడం. 1997లో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఇది చెల్లదని తీర్పు చెప్పినది. నియమం మార్చే అధికారం ఉండవచ్చును గాని, విరమణ చేసినవాని చేతికి వచ్చిన హక్కును పాత తేదీ వేసి లాగుకొనే అధికారం లేదని ఆ తీర్పు నిర్ణయించినది. శాఖా ఉద్యోగికి ఉన్న ఈ రక్షణ సంపూర్ణం కాదు. కాని అది రాజ్యాంగం నుండి వచ్చినది. కార్పొరేషనులోనికి, కంపెనీలోనికి పోయేటప్పుడు దీనికి బదులుగా ఏమి దొరుకుతుందో లెక్క చూడాలి.

జీవిత బీమా బోనస్ నేర్పిన పాఠం

పార్లమెంటు చట్టం ద్వారా ఏర్పడిన కార్పొరేషను ఎట్లుండునో తెలిసికొనుటకు జీవిత బీమా సంస్థ ఉద్యోగుల బోనస్ చరిత్రకు మించిన పాఠం లేదు. 1956 సెప్టెంబరు 1న ఏర్పడిన ఆ సంస్థ చట్టంలో కలం రెండు చేతులలో ఉండేది. 48వ సెక్షను ప్రకారం కేంద్ర ప్రభుత్వం నియమాలు చేయవచ్చును. 49వ సెక్షను ప్రకారం కేంద్ర ప్రభుత్వ అనుమతితో కార్పొరేషనే రెగ్యులేషన్లు చేసికొనవచ్చును. ఇటువంటి సంస్థల రెగ్యులేషన్లు గది గోడకు అంటించిన ప్రకటనలు కావు, చట్టబలం కలవి అని 1975లో సుప్రీంకోర్టు ప్రకటించినది. రెగ్యులేషనును ఉల్లంఘించి ఉద్యోగిని తొలగిస్తే ఆ తొలగింపు చెల్లదని దాని ఫలితం. ఇది కార్మికవర్గానికి లాభించిన తీర్పు. అయితే రెగ్యులేషనుకు చట్టబలం ఉన్నకొలది దానిని మార్చే చేతికి కూడా అంత బలం వస్తుంది.

1974 జనవరి 24న యాజమాన్యానికీ, మూడవ నాలుగవ తరగతి ఉద్యోగుల సంఘాలకూ మధ్య ఒప్పందం కుదిరినది. వార్షిక జీతంలో 15 శాతం బోనస్ అందులో ఒక అంశం. ఒప్పందం 1973 ఏప్రిల్ 1 నుండి 1977 మార్చి 31 వరకు అమలులో ఉండాలి. కేంద్ర ప్రభుత్వ ఆమోదంతోనే ఈ సంతకాలు జరిగినవి. బోనస్ కోర్కె ఒకటిగా రైల్వే కార్మికులు దేశమంతటా సమ్మె చేసిన సంవత్సరం కూడా అదే అని మన పాఠకులకు గుర్తు చేయనక్కరలేదు.

అత్యవసర పరిస్థితి వచ్చినది. 1976లో చెల్లించవలసిన బోనస్ ఆపివేయబడినది. ఆ సంవత్సరం మే 21న కలకత్తా హైకోర్టు చెల్లించమని ఆదేశించగా, ఆ నెల ముగిసేలోపలనే ఒప్పందంలోని బోనస్ అంశాన్ని 1975 ఏప్రిల్ 1 నుండి రద్దుచేస్తూ పార్లమెంటు చట్టం వచ్చినది. సంతకం చేసిన ఒక పక్షం రెండవ పక్షాన్ని అడుగకుండానే ఒప్పందపు కాగితాన్ని చించివేసినది. 1978 ఫిబ్రవరి 21న సుప్రీంకోర్టులో ఏడుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ చట్టాన్ని కొట్టివేసినారు.

ప్రభుత్వం వెనుకకు తగ్గలేదు. చట్టం పనికిరాకపోతే రెగ్యులేషను ఉన్నదిగదా అనుకొని, 1978 మే నెలలో సర్వీసు రెగ్యులేషనునే సవరించి బోనస్ లేదని వ్రాసినది. మన ప్రశ్న ఇక్కడ ముఖాముఖిగా నిలిచినది. రెండు పక్షాలు కలిసి చేసికొన్న ఒప్పందాన్ని, ఒక పక్షం చేతిలోని రెగ్యులేషను సవరణ మింగివేయగలదా? 1980 నవంబరు 10న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనంలో ఇద్దరి మెజారిటీతో మింగలేదని తీర్పు వచ్చినది. పారిశ్రామిక వివాదాల విషయంలో పారిశ్రామిక వివాదాల చట్టమే ప్రత్యేక చట్టమనీ, గడువు ముగిసినా ఒప్పందం మరొక ఒప్పందమో, అవార్డో, చట్టమో వచ్చేవరకు జీవించి ఉంటుందనీ జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ విశదీకరించినారు. భారత కార్మికోద్యమానికి లభించిన గొప్ప తీర్పులలో ఇది ఒకటి.

కాని ఆ విజయం మూడు నెలలు నిలువలేదు. 1981 జనవరి 31న ఆర్డినెన్సు, దాని వెనుక సవరణ చట్టం వచ్చినవి. ఉద్యోగుల సర్వీసు షరతులపై నియమాలు చేసే అధికారం నేరుగా కేంద్ర ప్రభుత్వం చేతికి పోయినది. అప్పటివరకు ఉన్న రెగ్యులేషన్లు ప్రభుత్వ నియమాలుగా భావింపబడినవి. ఆ నియమాలు పారిశ్రామిక వివాదాల చట్టాన్ని త్రోసి చెల్లునని కూడా వ్రాయబడినది. సుప్రీంకోర్టు ఈసారి చట్టాన్ని సమర్థించినది. అయితే నియమాలు ప్రకటించిన నాటి నుండి మాత్రమే పనిచేయునని, అంతకుముందు కాలానికి కోర్టు ఇప్పించిన బోనస్‌ను అవి తుడిచివేయలేవని చెప్పి, ఉద్యోగులకు రావలసిన బాకీని మాత్రం నిలబెట్టినది.

ఈ చరిత్రలో ప్రతి మెట్టును జాగ్రత్తగా గమనించాలి. 1974లో బోనస్ షరతు ఇరుపక్షాల చేతిలో ఉన్నది. 1976లో పార్లమెంటు, 1978లో రెగ్యులేషను చేసిన చేయి, 1981లో నియమాలు చేసే ప్రభుత్వం దానిని ఒకదాని తరువాత ఒకటి పట్టుకొన్నవి. ఉద్యోగులు రెండుసార్లు సుప్రీంకోర్టులో గెలిచినారు. గెలిచిన ప్రతిసారి ఎదుటి పక్షం వాదనను మార్చలేదు, కలాన్నే మార్చినది. 2024 మార్చిలో ఆ సంస్థ ఉద్యోగుల జీతాల సవరణ సైతం కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషను రూపంలోనే వెలువడినది. బేరసారాల బల్ల దగ్గర కూర్చొనే హక్కు మిగిలినది గాని, చివరి సంతకం బల్లకు ఆవల జరుగుతున్నది.

కంపెనీలో కలం ఎవరిది?

ఇక కంపెనీ సంగతి. శాఖను కంపెనీగా మార్చేటప్పుడు, "యజమాని ప్రభుత్వమే గదా, భయమెందుకు" అని మనకు చెప్తారు. కంపెనీకి రాజ్యాంగం వంటిది దాని ఆర్టికల్స్ ఆఫ్ అసోసియేషన్. 2013 కంపెనీల చట్టం 14వ సెక్షను ప్రకారం దానిని మార్చే అధికారం వాటాదారుల సమావేశానిది. అనుకూల ఓట్లు వ్యతిరేక ఓట్లకు కనీసం మూడు రెట్లు ఉండే ప్రత్యేక తీర్మానం కావాలి. డైరెక్టర్ల బోర్డు తనంత తానుగా మార్చజాలదు. ఉద్యోగి ప్రసక్తి ఇందులో ఎక్కడా లేదు. పదవ సెక్షను ప్రకారం ఆ నియమావళి కంపెనీకీ, దాని సభ్యులకూ మధ్య మాత్రమే ఒప్పందం వంటిది. ఉద్యోగుల మేలు కోసం ఎంత చక్కని వాక్యం అందులో వ్రాసినా, వాటా లేని ఉద్యోగి దానిని ఆధారం చేసికొని కోర్టుకు పోలేడు.

వాటాలన్నీ రాష్ట్రపతి పేరున ఉన్న కంపెనీలో వాటాదారుల సమావేశమంటే ఏమిటి? రాష్ట్రపతి తరఫున నియమింపబడిన ప్రతినిధి వచ్చి కూర్చుండడం. అనగా మంత్రిత్వశాఖ ఫైలు మీది నిర్ణయమే సర్వసభ్య తీర్మానం. శాఖగా ఉన్నప్పుడు 309 క్రింద గెజిట్‌లో ప్రకటించి చేయవలసిన మార్పు, కంపెనీ అయిన తరువాత నాలుగు గోడల మధ్య జరిగిపోగలదు. 2016లో నూరు శాతం ప్రభుత్వ మూలధనంతో ఏర్పడిన ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు కూడా కంపెనీయే. పోస్టుమాను, గ్రామీణ డాక్ సేవక్ దాని పనిని ఇంటింటికి మోస్తున్నారు. దాని నియమావళిని మార్చే సమావేశంలో వారి కుర్చీ లేదు.

వాటాలు బజారులో అమ్మిన తరువాత కథ మరొక మలుపు తిరుగుతుంది. రైల్వే టిక్కెట్లు, భోజనాల కంపెనీ ఐ.ఆర్.సి.టి.సి.లో 2022 నాటి అమ్మకం తరువాత ప్రభుత్వ వాటా 62.4 శాతానికి దిగినది. మిగిలిన వాటాదారులందరూ వ్యతిరేకిస్తే ఆ కంపెనీ నియమావళిని ప్రభుత్వం కూడా ఒంటిచేతితో మార్చలేదు. అంతకు ముందే, 2021 అక్టోబరు చివరి వారంలో, ఆ కంపెనీ వసూలుచేసే కన్వీనియన్స్ రుసుములో సగం తనకు ఇవ్వవలసినదని రైల్వే మంత్రిత్వశాఖ కోరినది. మరునాడు స్టాక్ మార్కెట్టులో వాటా ధర కుప్పకూలినది. ఆ దినమే మంత్రిత్వశాఖ తన కోర్కెను వెనుకకు తీసికొన్నది. వాటాదారుల అసమ్మతికి ప్రభుత్వం ఒక్క దినములో తల ఒగ్గినది. బీమా ఉద్యోగుల అసమ్మతి అయిదేళ్ళపాటు కోర్టుల మెట్లెక్కి, రెండుసార్లు గెలిచి కూడా, కలాన్ని దక్కించుకొనలేకపోయినది. ఎవరికి ఓటు ఉన్నదో, ఎవరికి లేదో ఇంతకన్న స్పష్టంగా చెప్పగల ఉదాహరణ లేదు.

ఈ సందర్భంలో మన పూర్వ తపాలా తంతి కుటుంబానికి చెందిన టెలికాం సోదరుల అనుభవాన్ని స్మరించాలి. 2000 అక్టోబరు 1న బి.ఎస్.ఎన్.ఎల్. ఏర్పడేముందు వారి సంఘాలు పోరాడి, విలీనమయ్యే ఉద్యోగుల పెన్షనును ప్రభుత్వమే చెల్లించేట్లు 1972 పెన్షను నియమాలలో 37-ఏ అనే నియమాన్ని చేర్పించినవి. కంపెనీ ఆర్టికల్సులో ఒక వాక్యం ఇస్తామంటే వారు సంతృప్తి చెంది ఉంటే, ఆ వాక్యం ఈ పాటికి ఏమై ఉండునో ఊహించుకొనవచ్చును. కంపెనీ నష్టాలలో పడినది. 2019లో స్వచ్ఛంద విరమణ పథకం వచ్చి 78 వేలకు పైగా ఉద్యోగులు ఒక్కసారిగా బయటికి పోయినారు. అయినా పెన్షను కంపెనీ ఖజానాను నమ్ముకొని లేదు. హామీ ఎంత పెద్దదన్న దానితో బాటు, అది ఏ కాగితంలో వ్రాయబడినది, ఆ కాగితాన్ని ఎవరు మార్చగలరు అన్నది కూడా ఆ నాయకులు చూచినారు.

మన ఇంటిలో

బయటివారిని అడిగే ప్రశ్నను మన సంస్థలలో కూడా అడుగగలగాలి. ఒకటికి మించిన రాష్ట్రాలలో సభ్యులున్న ఉద్యోగుల పరపతి సంఘాలకు 2002 నాటి బహుళ రాష్ట్ర సహకార సంఘాల చట్టం వర్తిస్తుంది. అక్కడ బైలా సవరణకు సర్వసభ్య సమావేశంలో హాజరై ఓటు చేసినవారిలో మూడింట రెండు వంతుల మద్దతు, ఆ పిమ్మట కేంద్ర రిజిస్ట్రారు వద్ద నమోదు కావాలి. మన రాష్ట్రంలో 1964 నాటి సహకార చట్టం రిజిస్ట్రారుకు పెత్తనం ఎక్కువగా ఇవ్వగా, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం బైలాలను సభ్యుల చేతికి తెచ్చుటకు ప్రయత్నించినది. వడ్డీ రేటు, అప్పు పరిమితి, వాటా ధనం అన్నీ ఆ బైలాలలోనే ఉన్నవి. సమావేశానికి పోని సభ్యుడు తన కలాన్ని తానే ఇతరులకు ఇచ్చివేస్తున్నాడు.

సంఘం నియమావళి విషయం మరింత సున్నితమైనది. దానిని ఏ విధంగా సవరించాలో నియమావళిలోనే వ్రాసి ఉండాలని 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం విధించినది. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఆ షరతును ఉంచినది. కాని గుర్తింపు పొందిన తపాలా సర్వీసు సంఘాలకు వర్తించే 1993 గుర్తింపు నియమాల ప్రకారం, గుర్తింపు వచ్చిన తరువాత సంఘం తన నియమావళిని సవరించాలంటే ప్రభుత్వపు ముందస్తు అనుమతి అవసరం. ఉద్యోగుల చందాతో, ఉద్యోగుల ఓటుతో నడిచే సంస్థ తన ఇంటి నియమాన్ని మార్చుకొనుటకు యజమాని సంతకం కావాలట! ఇది సంఘ స్వాతంత్ర్యానికి పొసగదని మేము నిర్ద్వంద్వంగా చెప్తున్నాము. తెలియజేయుట వేరు, అనుమతి కోరుట వేరు.

ఏమి కోరాలి?

నిబంధన మార్పుకు ఉద్యోగుల సమ్మతి కావాలంటే ఏ సంస్థా కదలదని యాజమాన్యాలు వాదిస్తవి. కాలంతోపాటు నిబంధనలు మారవలసినదే. 1974 నాటి బీమా ఒప్పందానికే నాలుగేళ్ళ గడువున్నది. గడువు తీరిన పిమ్మట తిరిగి మాట్లాడుకొనుటకు దారి తెరిచే ఉన్నది. సమ్మతి మార్పును ఆపలేదు. మాట్లాడకుండా మార్చాలనే కోర్కె అయిదేళ్ళు సంస్థను కోర్టులకు ఈడ్చినది.

కావున ఏ శాఖను గాని, ఏ కర్మాగారాన్ని గాని కార్పొరేషనుగా, కంపెనీగా మార్చే ప్రతిపాదన వచ్చినప్పుడు, దానిని ప్రతిఘటించే పోరాటంతో పాటు, కొన్ని కోర్కెలు మన చేతిలో సిద్ధంగా ఉండాలి. మొదటిది, జీతం, పెన్షను, ఉద్యోగ భద్రతల హామీ కంపెనీ ఆర్టికల్సులో కాదు, పార్లమెంటు చట్టంలోనో చట్టబద్ధ నియమాలలోనో ఉండాలి. రెండవది, ఆ హామీని తగ్గించే ఏ సవరణ అయినా గుర్తింపు పొందిన సంఘాలతో వ్రాతపూర్వక ఒప్పందం లేనిదే చెల్లదని ఆ చట్టంలోనే వ్రాయాలి. మూడవది, వెనుకటి తేదీ నుండి వర్తించే సవరణ నిషేధింపబడాలి. నాల్గవది, ముసాయిదాను ముందుగా ప్రకటించి, అభ్యంతరాలకు గడువు ఇచ్చి, పిమ్మట ఉభయసభల ముందు ఉంచాలి. ఇవి లేని హామీ ఎంత తీయగా ఉన్నా దానిపై సంతకం చేయరాదు.

శాఖల కార్యదర్శులకు మా విన్నపం ఒకటి. వచ్చే సర్వసభ్య సమావేశానికి ముందు సంఘం నియమావళిలోని సవరణ క్లాజును, పరపతి సంఘం బైలాలలోని సవరణ క్లాజును తెలుగులో వ్రాయించి నోటీసు బోర్డుపై ఉంచండి. గ్యాంగ్‌మన్ నుండి సార్టరు వరకు, గుమాస్తా నుండి పోస్టుమాను వరకు ప్రతి సభ్యుడు దానిని చదువవలెను, చదువలేనివారికి చదివి వినిపించవలెను. తన సంఘంలో కలం ఎట్లు కదులుతుందో ఎరిగిన సభ్యుడే ప్రభుత్వం చేతిలోని కలం కదలికను సకాలంలో గుర్తించి నిలదీయగలడు.